ఆ యూరోట్రోపిన్ బిట్ గుర్తుందా?

ఇంటర్ సెకండియర్ కెమిస్ట్రీ, ఆల్డిహైడ్లు - కీటోన్ల చాప్టర్. ఫార్మాల్డిహైడ్ అమ్మోనియాతో చర్య జరిపితే ఏమొస్తుంది? యూరోట్రోపిన్. దాని ఉపయోగం? మూత్ర సంబంధ ఇన్ఫెక్షన్లకు మందు. పేరులోనే ‘యూరో’ ఉంది కాబట్టి ఆప్షన్ పెట్టడం తేలిక. ఎంసెట్ అయింది, ర్యాంకు వచ్చింది, ఆ బిట్‌ని అక్కడే వదిలేసి అందరం ఇక్కడికొచ్చి పడ్డాం.

నాది కెమికల్ బ్రాంచ్ కాబట్టి అది నన్ను అంత తేలిగ్గా వదల్లేదు. పాలిమర్స్ పేపర్లో హెక్సమిన్ అనే పేరుతో మళ్లీ ఎదురైంది. బేకలైట్ లాంటి ఫినాలిక్ రెజిన్లు గట్టిపడటానికి కలిపేది దాన్నే. ట్రెకింగ్‌కి వెళ్లేవాళ్లు చిన్న పొయ్యిలో వెలిగించే తెల్లటి ఇంధనం బిళ్లలూ అవే. 1859లో బట్లెరోవ్ అనే రష్యన్ కెమిస్టు తయారుచేశాడు. 1890ల నాటికి డాక్టర్లు మూత్ర వ్యాధులకు ఇవ్వడం మొదలుపెట్టారు. తర్వాత యాంటీబయాటిక్స్ వచ్చాయి, ఇది మూలన పడింది. మన బిట్ పేపర్లలో మాత్రం బతికే ఉంది.

అలా మూలన పడ్డ మందు 2022లో మళ్లీ పరీక్ష రాసింది. ఆ కథకి కాసేపట్లో వస్తాను. ముందు నేను చెప్పదలచుకున్నది చెప్పేస్తాను. యాంటీబయాటిక్ లేకుండా మూత్ర ఇన్ఫెక్షన్లను ఎదుర్కొనే దారుల మీద ప్రపంచంలో చాలాచోట్ల పీహెచ్‌డీలు జరుగుతున్నాయి. వాటిని మనం, ముఖ్యంగా ఇంజనీరింగ్ వాళ్లం, సీరియస్‌గా తీసుకోవాలి. సీరియస్‌గా అంటే ‘నేచురల్’ అన్న మాట వినగానే చప్పట్లు కొట్టడం కాదు. యాంటీబయాటిక్ ఏ పరీక్ష రాసి పాసైందో, దాని బదులు వస్తానన్న ప్రతిదీ అదే పరీక్ష రాయాలి. తప్పితే తప్పిందని అచ్చు వేయాలి. ఆ తప్పిన పరీక్షకి కూడా డిగ్రీ ఇవ్వాలి.

సాహిత్య క్లబ్ పత్రికలో ఈ టాపిక్ ఏంటని మొహం చిట్లించేవాళ్లు కొందరు ఉంటారని తెలుసు. మనవాళ్లు జలుబు గురించి మాట్లాడినంత తేలిగ్గా దీని గురించి మాట్లాడరు. గర్ల్స్ హాస్టల్లో అడగండి. “అక్కా, నీ దగ్గర ఆ ట్యాబ్లెట్ ఉందా?” అని గుసగుసగా అడుగుతారు. ‘ఆ ట్యాబ్లెట్’ అంటే ఏదో అందరికీ అర్థమైపోతుంది. ఎవరో మూడు వేసుకుని తగ్గిందని ఆపేసిన స్ట్రిప్పు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి నడుస్తుంది. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ “వేడి చేసిందే, బార్లీ నీళ్లు తాగు, మజ్జిగ తాగు” అంటుంది. మంట, పది నిమిషాలకోసారి పరుగు, పొత్తికడుపులో నొప్పి. రేపు ఇంటర్నల్ ఉంటుంది. పక్కవాళ్లకి చెప్పుకోలేరు.

స్త్రీలలో సగం మందికి పైగా జీవితంలో ఒక్కసారైనా ఇది వస్తుంది. మగవాళ్లకి రాదని కాదు, ఆడవాళ్లలో మూత్రనాళం పొట్టిగా ఉండటం వల్ల బ్యాక్టీరియా మూత్రాశయం దాకా చేరడం సులువు. ఎక్కువ కేసుల్లో దోషి ఈ. కోలి, మన పేగుల్లోనే కాపురం ఉండే జీవి. అక్కడ ఉన్నంతసేపు దానితో పేచీ లేదు, ఇల్లు మారితేనే గొడవ. ఒకసారి వచ్చి తగ్గినవాళ్లలో దాదాపు నాలుగో వంతు మందికి ఆరు నెలల్లో మళ్లీ వస్తుంది. ఏడాదిలో మూడు సార్లు, లేదా ఆరు నెలల్లో రెండు సార్లు వస్తే దాన్ని తిరగబెట్టే ఇన్ఫెక్షన్ అంటారు. అలాంటివాళ్లకి డాక్టర్లు నెలల తరబడి రోజూ చిన్న డోసు యాంటీబయాటిక్ ఇవ్వడం మామూలే. చిక్కంతా అక్కడే ఉంది.

నేను యాంటీబయాటిక్స్‌కి వ్యతిరేకిని కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనను నడిపిస్తున్న కాలంలోనే, 1948లో, తొలి టెట్రాసైక్లిన్ ఆరియోమైసిన్ లోకానికి వచ్చింది. ఆ మందుల వల్ల బతికినవాళ్లను లెక్కపెట్టలేం. కానీ ఏ యాంటీబయాటిక్ అయినా చేసేది ఒకటే: చావగలిగినవాటిని చంపి, చావనివాటికి చోటు ఖాళీ చేస్తుంది. రోజూ చిన్న డోసు అంటే ఆ ఎంపిక రోజూ జరుగుతున్నట్టే. మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగా 2019లో ప్రపంచంలో 12 లక్షల 70 వేల మంది చనిపోయారని 2022లో లాన్సెట్‌లో వచ్చిన అంచనా. మన పక్కనే ఉన్న ఉదాహరణ కావాలంటే పటాన్‌చెరు. మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించి 2007లో ఫలితాలు అచ్చేశారు. లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. ట్యాబ్లెట్ వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. ఎన్నో ఏళ్లు మూత్ర ఇన్ఫెక్షన్లకు చేతికందిన మందు ఇదే సిప్రో. ఆ నీళ్లలో బతకడం నేర్చుకున్న బ్యాక్టీరియాకి మనం వేసుకునే ట్యాబ్లెట్ ఒక లెక్కా?

అందుకే ఇంకో రకం ఆలోచన మొదలైంది. చంపకుండా పని జరగదా? మూత్రాశయం అంటే రోజుకి ఆరేడు సార్లు నిండి ఖాళీ అయ్యే ట్యాంకు. అందులో నిలబడాలంటే బ్యాక్టీరియా గోడను పట్టుకోవాలి, లేకపోతే ప్రవాహంలో కొట్టుకుపోతుంది. ఈ. కోలి ఒంటి నిండా సన్నటి నూగు లాంటి పోగులుంటాయి. ఒక్కో పోగు కొసన ఫిమ్‌హెచ్ అనే ప్రొటీన్ కొక్కెంలా ఉంటుంది. అది మన మూత్రాశయ కణాల పైనున్న మానోజ్ అనే చక్కెరను పట్టుకుంటుంది. కిటకిటలాడే ఆర్టీసీ బస్సు ఫుట్‌బోర్డు మీద ఒంటి చేత్తో రాడ్ పట్టుకుని వేలాడే మనలాగా అన్నమాట. చెయ్యి జారితే కథ ముగిసినట్టే.

ఇక్కడే నాకు బాగా నచ్చిన పీహెచ్‌డీ కథ ఉంది. సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో వెండీ థామస్ బయోఇంజనీరింగ్ పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు, ఆమె బృందం ఈ పట్టు ఎంత గట్టిదో చూసింది. ఫ్లూయిడ్ మెకానిక్స్ చదివిన ఎవరికైనా ఏమనిపిస్తుంది? ద్రవం వేగం పెంచితే గోడ దగ్గర షియర్ పెరుగుతుంది, బ్యాక్టీరియా ఊడిపోతుంది. జరిగింది తలకిందులు. నెమ్మదైన ప్రవాహంలో గోడ మీద దొర్లుతూ పోయిన బ్యాక్టీరియా వేగం పెంచగానే కదలకుండా అతుక్కుపోయింది. బావిలో చేదకి కట్టే ముడి గుర్తు తెచ్చుకోండి, బరువు పడేకొద్దీ బిగుస్తుంది. ఫిమ్‌హెచ్ పట్టు కూడా అలాంటిదే. 2002లో సెల్ పత్రికలో ఇది వచ్చింది. ఈ సంగతి బయటపడింది పెట్రీ డిష్‌లో వదిలేసి చూసినందుకు కాదు, పారే ద్రవంలో పెట్టి బలాన్ని లెక్కలోకి తీసుకున్నందుకు. మన సిలబస్‌లో ఉన్న పరికరమే. కాకపోతే మనం దాంతో రెనాల్డ్స్ నంబర్ కట్టి రికార్డు మీద సంతకం పెట్టించుకుంటాం, అంతే.

కొక్కెం మానోజ్‌ని పట్టుకుంటుందని తెలిశాక ఉపాయం ఎవరికైనా తడుతుంది. మానోజ్‌నే పొడిగా చేసి తాగిస్తే? అది మూత్రంలోకి వెళ్తుంది, బ్యాక్టీరియా గోడను వదిలేసి తేలే చక్కెరను పట్టుకుంటుంది, కొట్టుకుపోతుంది. ఎంత ముచ్చటైన సిద్ధాంతం! చంపడం లేదు కాబట్టి రెసిస్టెన్స్ గొడవ తక్కువ. పైగా చక్కెరే కదా. 2014లో 308 మంది స్త్రీలతో జరిగిన ఒక ట్రయల్‌లో డి-మానోజ్ బాగా పనిచేసినట్టు కనబడింది. పొడి డబ్బాలు దుకాణాల్లోకి వచ్చాయి. ఇప్పుడు మన దగ్గర కూడా ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి, ధర చూస్తే మంట ఇంకాస్త పెరుగుతుంది.

తర్వాత బ్రిటన్‌లో దాన్ని మళ్లీ పరీక్షించారు. ఈసారి 598 మంది. సగం మందికి రోజూ 2 గ్రాముల డి-మానోజ్, సగం మందికి చూడటానికి అలాగే ఉండే ఫ్రక్టోజ్ పొడి, ఆరు నెలలు. ఎవరికి ఏది వెళ్తోందో ఇచ్చేవాళ్లకీ తెలియదు, తాగేవాళ్లకీ తెలియదు. 2024లో ఫలితం వచ్చింది. డి-మానోజ్ తాగినవాళ్లలో 51 శాతం మంది, ఉత్త ఫ్రక్టోజ్ తాగినవాళ్లలో 55.7 శాతం మంది మళ్లీ ఇన్ఫెక్షన్ లక్షణాలతో డాక్టర్ దగ్గరికి వెళ్లారు. ఆ తేడా లెక్కలోకి వచ్చేది కాదు. పని చేయలేదు.

మన దగ్గర అయితే ఈ కథ ఎలా ముగుస్తుందో ఊహించండి. ఫైనల్ ఇయర్ రివ్యూలో “ఎక్స్‌పెక్టెడ్ రిజల్ట్ రాలేదు సార్” అంటే పక్కన కూర్చున్న ఎక్స్‌టర్నల్ మొహం ఎలా పెడతాడో అందరికీ తెలుసు. అందుకే గ్రాఫులు సర్దుకుంటాయి. పాయింట్లు గీత మీదికి నడిచొస్తాయి. నా దృష్టిలో ఈ రంగంలో ఈ మధ్య వచ్చిన అతి ముఖ్యమైన ఫలితాల్లో ఆ ‘పని చేయలేదు’ ఒకటి. ఆ ఒక్క మాట వల్ల ఎంతమంది డబ్బు మిగులుతుంది, ఎన్ని పరిశోధనలు తప్పుదారి పట్టకుండా ఆగుతాయి! ఆలోచన మొత్తం చచ్చిపోలేదు కూడా. కొక్కేనికి మామూలు మానోజ్ కంటే ఎన్నో రెట్లు గట్టిగా అతుక్కునే మానోసైడ్లు అనే అణువులను సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో స్కాట్ హల్ట్‌గ్రెన్ బృందం ఏళ్లుగా తయారుచేస్తోంది. అవి కూడా అదే హాలులో, అదే పరీక్షకి కూర్చోవాలి.

సిద్ధాంతంలో అంత బాగున్నది మనిషిలో ఎందుకు తప్పుతుంది? ఒక కారణం, మూత్రాశయం పెట్రీ డిష్ కాదు. 2003లో హల్ట్‌గ్రెన్ బృందమే ఎలుకల్లో చూపించిన విషయం ఏంటంటే, ఈ బ్యాక్టీరియా గోడను పట్టుకుని ఊరుకోదు, కణాల లోపలికి దూరి గుంపులు గుంపులుగా గూడు కట్టుకుంటుంది. పైన ఎంత కడిగినా, మందు ఎంత పోసినా లోపలివి క్షేమం. ఇన్ఫెక్షన్ తిరగబెట్టడానికి ఇది ఒక కారణమని అనుకుంటున్నారు. ఎలుక మూత్రాశయం వేరు, మనది వేరు. అందుకని స్విట్జర్లాండ్‌లోని ఈపీఎఫ్‌ఎల్‌లో ఒక చిప్ చేశారు. 2021లో వచ్చింది. మైక్రోఫ్లూయిడిక్ చానెల్‌కి ఒక పక్క మనిషి మూత్రాశయ కణాలు, ఇంకో పక్క రక్తనాళ కణాలు. మధ్యలో సాగే పొర. మూత్రం నిండినప్పుడు గోడ సాగినట్టు పొరను సాగదీస్తారు, ఖాళీ అయినట్టు వదులుతారు. బ్యాక్టీరియాని వదిలి, తెల్ల రక్తకణాలను పంపి, యాంటీబయాటిక్ ఇచ్చి, ఆపి, మైక్రోస్కోప్ కింద కూర్చుని చూస్తారు. మందు ఆపగానే కణాల లోపలి గూళ్లలోంచి మళ్లీ బయల్దేరాయి. చిప్ ఫ్యాబ్రికేషన్, పంపు కంట్రోల్, ఇమేజ్ ప్రాసెసింగ్, ఎలాస్టిసిటీ ఇవన్నీ అందులో ఉన్నాయి. మెకానికల్, ఈసీఈ, సీఎస్‌ఈ వాళ్లు “ఇది డాక్టర్ల సబ్జెక్టు కదా” అని తప్పించుకునే వీల్లేదు.

లండన్‌లోని యూసీఎల్‌లో జెన్నిఫర్ రోన్ బృందం మనిషి కణాలతో, మూత్రంలో నానుతూ బతకగలిగే మూత్రాశయ కణజాల నమూనాను పెంచింది. ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఆవిడ నవలలు కూడా రాస్తుంది. ల్యాబ్‌లో పనిచేసే మనుషుల కథలే. మన క్లబ్ మీటింగులకి రావడానికి ‘టైమ్ లేదు’ అనే బయోటెక్ సీనియర్లకి ఈ పేరా అంకితం.

ఇక యూరోట్రోపిన్ దగ్గరికొద్దాం. మందుగా దాని పేరు మెథినమిన్ హిప్యురేట్. పనిచేసే పద్ధతి మన ఈక్వేషన్‌కి రివర్స్: మూత్రం ఆమ్లంగా ఉంటే అణువు విడిపోయి ఫార్మాల్డిహైడ్ బయటికొస్తుంది, అక్కడికక్కడే బ్యాక్టీరియా ప్రొటీన్లను అతికించి పారేస్తుంది. ఒక ఎంజైమ్‌ని గురిపెట్టే మందు కాదు కాబట్టి బ్యాక్టీరియాకి తప్పించుకునే దారి దొరకడం కష్టం. బ్రిటన్‌లో 240 మంది స్త్రీలతో ఏడాది పాటు దీన్ని రోజువారీ యాంటీబయాటిక్‌తో పోల్చారు. ఆ ట్రయల్ పేరు ఆల్టార్. యాంటీబయాటిక్ వాడినవాళ్లకి ఏడాదికి సగటున 0.89 ఇన్ఫెక్షన్లు, మెథినమిన్ వాడినవాళ్లకి 1.38. అంటే యాంటీబయాటిక్కే కాస్త మెరుగు. మరి పాసెలా అయింది? ఏడాదికి ఒక ఇన్ఫెక్షన్ కంటే ఎక్కువ తేడా రాకపోతే ‘తీసిపోదు’ అనాలని ముందే హద్దు గీసుకున్నారు. ఆ హద్దు వేసేటప్పుడు రోగులను కూడా అడిగారు. వర్క్‌షాప్‌లో షాఫ్ట్‌కి టాలరెన్స్ ముందే రాసుకుంటాం కదా, పని అయ్యాక గీసుకోం. తేడా 0.49, టాలరెన్స్‌లోనే ఉంది.

అదే ట్రయల్‌లో ఇంకో లెక్క. మందు వాడుతున్న కాలంలో శరీరం మీద నుంచి తీసిన ఈ. కోలిలో కనీసం ఒక యాంటీబయాటిక్‌కైనా లొంగనివి యాంటీబయాటిక్ గ్రూపులో 72 శాతం, మెథినమిన్ గ్రూపులో 56 శాతం. ఇక్కడితో ఆపితే బాగుండేది. కానీ మందు ఆపిన తర్వాతి ఆరు నెలల్లో, ఎన్నో మందులకు లొంగని రకాలు మెథినమిన్ గ్రూపులోనే ఎక్కువ కనబడ్డాయి. తీసిన నమూనాలు తక్కువ, అర్థం ఇంకా తేలలేదు. అయినా దాచకుండా అదే పేపర్లో రాశారు. ఏదైనా యాంటీబయాటిక్ వ్యతిరేక వీడియోలో మొదటి లెక్క వినబడుతుంది. రెండోది వినబడితే నాకు చెప్పండి.

క్రాన్‌బెర్రీ గురించి ఎక్కువ చెప్పను. 2012లో కోక్రేన్ సమీక్ష ‘ఉపయోగం లేదు’ అంది, 2023లో 50 అధ్యయనాలు చూసి ‘తిరగబెట్టే స్త్రీలలో ముప్పు పావు వంతు దాకా తగ్గుతుంది’ అంది. అమెరికా వాళ్ల పండు, మన దగ్గర చక్కెర కలిపిన ఎర్ర జ్యూస్‌గా దొరుకుతుంది. ఆ జ్యూస్‌కీ ఆ సమీక్షకీ బంధుత్వం కలపొద్దు. మన అమ్మలకీ అమ్మమ్మలకీ పనికొచ్చే ఫలితం మాత్రం వేరే ఉంది. నెలసరి ఆగిపోయిన 93 మంది స్త్రీలకు యోనిలో రాసుకునే ఈస్ట్రోజన్ క్రీమ్ ఇచ్చి చూస్తే, ఏడాదికి ఇన్ఫెక్షన్లు 0.5 అయ్యాయి, ఉత్త క్రీమ్ వాడినవాళ్లకి 5.9. అది 1993 నాటి మాట. ఇంత తేడా ఉన్న విషయం మన ఇళ్లలో ఎవరికీ తెలియదంటే దానికి కారణం సైన్స్ కాదు, ఆ మొదటి పదం పైకి పలకలేకపోవడం.

జర్మనీలో ఇంకాస్త తెగించారు. 494 మంది మామూలు మూత్ర ఇన్ఫెక్షన్ ఉన్న స్త్రీలలో సగం మందికి యాంటీబయాటిక్, సగం మందికి నొప్పి తగ్గించే ఐబుప్రోఫెన్ మాత్రమే ఇచ్చారు. ఐబుప్రోఫెన్ గ్రూపులో దాదాపు మూడింట రెండొంతుల మందికి అసలు యాంటీబయాటిక్ అవసరం పడలేదు, ఒళ్లే సర్దుకుంది. కానీ ఇన్ఫెక్షన్ కిడ్నీల దాకా వెళ్లినవాళ్లు ఆ గ్రూపులో ఐదుగురు, యాంటీబయాటిక్ గ్రూపులో ఒక్కరు. ఈ రెండు వాక్యాలనీ కలిపే చదవాలి. మొదటిది చదివి పెయిన్‌కిల్లర్ వేసుకుని కూర్చునేవాళ్ల కోసం రాస్తున్నాను: జ్వరం, చలి, నడుం పక్కన నొప్పి, వాంతులు, మూత్రంలో రక్తం వీటిలో ఏదున్నా, గర్భవతి అయినా, షుగర్ ఉన్నా ఈ వ్యాసం పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. యాంటీబయాటిక్ రాస్తే కోర్సు మొత్తం మీరే వేసుకోండి, సగం స్ట్రిప్పు జూనియర్‌కి దానం చేయకండి.

ఇన్ని మందుల మధ్య నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది నీళ్లు. బల్గేరియాలో, రోజుకి లీటరున్నర కంటే తక్కువ ద్రవాలు తాగే, ఏడాదిలో కనీసం మూడు సార్లు ఇన్ఫెక్షన్ వచ్చిన 140 మంది స్త్రీలను తీసుకున్నారు. సగం మంది వాళ్ల అలవాటు ప్రకారమే ఉన్నారు. మిగతా సగం మంది అదనంగా రోజుకి మరో లీటరున్నర నీళ్లు తాగాలి, ప్రతి భోజనానికీ ఒక అర లీటరు బాటిల్ చొప్పున. ఏడాది తర్వాత చూస్తే మామూలుగా ఉన్నవాళ్లకి సగటున 3.2 ఇన్ఫెక్షన్లు, నీళ్లు తాగినవాళ్లకి 1.7. యాంటీబయాటిక్ కోర్సులు కూడా దాదాపు సగమయ్యాయి. ట్రయల్‌కి డబ్బు పెట్టింది బాటిల్ నీళ్లు అమ్మే డానోన్ కంపెనీ, అది గుర్తుంచుకునే ఈ అంకెలు చదవాలి. ఇంకెవరైనా, అమ్మడానికి ఏమీ లేనివాళ్లు, దీన్ని మళ్లీ చేయాలని నా కోరిక. ఇంకో తిరకాసు కూడా ఉంది. ప్రవాహం పెరిగితే ఫిమ్‌హెచ్ పట్టు బిగుస్తుందని పైన చెప్పుకున్నాం కదా, మరి నీళ్లు ఎలా పనిచేశాయి? తరచూ ఖాళీ చేయడం వల్లా, పలచబడటం వల్లా, పట్టు దొరకనివి కొట్టుకుపోవడం వల్లా? ఆ ట్రయల్ పనిచేసిందని చెప్పింది, ఎలాగో చెప్పలేదు. అక్కడ ఒక థీసిస్ ఖాళీగా పడి ఉంది.

అయితే అదే పేపర్లో ఇంకో అంకె ఉంది. నీళ్లు తాగినవాళ్లు రోజుకి సగటున 8.2 సార్లు మూత్రానికి వెళ్లారు, తాగనివాళ్లు 5.9 సార్లు. అంటే రోజుకి రెండు సార్లకు పైగా అదనం. ఇది చదివి మా క్లాసు అమ్మాయిలం ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వుకున్నాం. పొద్దున బస్సెక్కే ముందు నీళ్లు తాగరు, దారిలో ఆపడు కాబట్టి. మూడు గంటల ల్యాబ్ ముందు తాగరు. ఇండస్ట్రియల్ విజిట్ రోజు మధ్యాహ్నం దాకా బాటిల్ మూతే తీయరు. నీళ్లు రాని కుళాయి, గడియ పడని తలుపు, మూడంతస్తులు దిగితే గానీ రాని టాయిలెట్. దాహం వేసినా ఓర్చుకోవడం తేలిక. నీళ్లు తాగండి అని పోస్టర్ వేయడం సులువే, ఆ 2.3 సార్లు ఎక్కడికి వెళ్లాలో పోస్టర్ మీద రాయరు. సోఫియాలో మందు బాటిల్‌లో ఉంది. మన దగ్గర ఆ మందు పనిచేయాలంటే ప్లంబింగ్ కావాలి. నా లెక్కలో సివిల్ ఇంజనీరింగ్ కూడా యాంటీబయాటిక్ కాని చికిత్సే.

“నీళ్ల మీద పీహెచ్‌డీ ఏంటే, నాసా వెళ్తావనుకుంటే!” అని ఇంట్లో అంటారని తెలుసు. కానీ అమ్మ చెప్పే బార్లీ నీళ్లనే తీసుకోండి. తాగితే హాయిగా ఉంటుంది, తగ్గినట్టు ఉంటుంది. అందులో పనిచేసింది బార్లీయా, నీళ్లా, లేక రెండు రోజుల్లో దానంతట అదే తగ్గిందా? పల్లేరు కాయల కషాయం, సగ్గుబియ్యం జావ, కొబ్బరి నీళ్లు అన్నిటిదీ ఇదే ప్రశ్న. వీటిని చాదస్తం అని కొట్టిపారేసేవాళ్లూ, వేల ఏళ్ల విజ్ఞానం అని దండం పెట్టేవాళ్లూ ఒకే తప్పు చేస్తున్నారు, ఇద్దరూ పరీక్ష పెట్టలేదు. మూడు గ్రూపులు చాలు: అలవాటు ప్రకారం ఉండేవాళ్లు, అదనంగా మామూలు నీళ్లు తాగేవాళ్లు, అంతే కొలతలో బార్లీ నీళ్లు తాగేవాళ్లు. ఏడాది పాటు. మెడికల్ కాలేజీతో కలవాలి, ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి, సీటీఆర్‌ఐలో ముందే నమోదు చేయాలి, ఏ ఫలితం వస్తే ఏమంటామో ముందే రాసిపెట్టాలి. రోగులను రుచి చూసి కనిపెట్టకుండా ఆపలేం, అది ఈ డిజైన్‌లో లోపమే. ఎవరికైనా ఉపాయం తడితే చెప్పండి. బార్లీ గెలిస్తే అమ్మకి ఫోన్ చేసి చెప్తా. ఓడిపోయినా చెప్తా, కాకపోతే మెసేజ్ పెడతా.

అది పీహెచ్‌డీ స్థాయి పని, మన చేతిలో లేదు. బీటెక్‌లో చేయగలిగింది ఒకటుంది. మా బ్లాకులో ఏ అంతస్తులో ఎన్ని టాయిలెట్లు ఉన్నాయి, ఏ గంటలో ఎన్నింట్లో నీళ్లొస్తాయి, క్లాసు మధ్య ఉన్న పది నిమిషాల్లో ఎంతమంది వెళ్లి రాగలరు అన్నది ఒక నెలపాటు లెక్కపెట్టడం. పక్కనే, పేర్లు లేకుండా, ఎవరు రోజుకి ఎన్ని బాటిళ్లు తాగుతున్నారో రాసుకోవడం. సివిల్ నుంచి ఒకరు, ఈసీఈ నుంచి ఒకరు వస్తామన్నారు. బాటిల్ మూతకి సెన్సర్ పెడతానని ఈసీఈ ఆవిడ అంటోంది, ఖర్చు తగ్గించమని బతిమాలుతున్నాం. క్యూయింగ్ థియరీ అంటే భయం లేనివాళ్లు ఒకరు కావాలి. అబ్బాయిలైనా పర్లేదు.